కాలమునకు తగిన ఆసనము

పాతవస్తువును బాగుచేయువానికి రెండు ధర్మములు కలవు. ఒకటి ఆ వస్తువునెడ ధర్మము. రెండవది దానిని చూచువారియెడ, వాడువారియెడ ధర్మము. సాధారణముగా ఈ రెండును ఒకే త్రోవను నడచును. అవి విడిపోయినప్పుడే నీతివిచారమునకు అవసరము కలుగును. ఈ చిక్కును పరిశీలించుటకు జీర్ణదేవాలయమో, తాళపత్రగ్రంథమో కావలయునని లేదు. అమెరికాలో పాత పికప్ ట్రక్కులను పునరుద్ధరించువారు సీటుకు ఏ గుడ్డ వేయవలయునని తర్కించుకొనునపుడు అదే చిక్కు వారికి ఎదురగును. విషయము అల్పముగా తోచవచ్చును. కాని అల్పవిషయములయందే మన నియమముల గట్టితనము తెలియును.

1947 వేసవిలో షెవ్రొలే కంపెనీ యుద్ధానంతరపు నూతన ట్రక్కులను విడుదల చేసెను. 1948లో ఫోర్డు కంపెనీ ఎఫ్-1 అను ట్రక్కును తెచ్చెను. ఇవి రైతులకును, వడ్రంగులకును, చిల్లర వర్తకులకును ఉద్దేశింపబడిన బండ్లు. లోపల ఈ తలుపునుండి ఆ తలుపువరకు ఒకే బల్లసీటు. ఇనుపచట్రము, దానిపై చుట్టల స్ప్రింగులు, స్ప్రింగులపై గోనెపట్టా, దానిపై దూదిపరుపు, అన్నిటికిని పైన తోలును పోలిన పూతగుడ్డ. అట్టి గుడ్డను మన దేశమున రెక్సిన్ అందుము. పొలమునుండి బురదబట్టలతో వచ్చి కూర్చుండువానికి తడిగుడ్డతో తుడిచినచో శుభ్రపడు సీటు కావలయును. కంపెనీలు అతనికి ఇచ్చినదియు అదియే.

ఇట్టి ట్రక్కు శిథిలమై నేడు ఒకని చేతికి వచ్చినచో అతని ముందు మూడు మార్గములు ఉండును. మేలైన తోలు తెప్పించి, వింతవింత కుట్లతో సీటును అలంకరించుట మొదటిది. కర్మాగారమునుండి వెలువడిననాటి సీటును అన్నివిధముల పోలునట్లు క్రొత్తసీటును చేయించుట రెండవది. చిరిగినదానిని చిరిగినట్లే ఉంచి, మిగిలినదానిని కాపాడుట మూడవది.

మొదటి మార్గమును అవలంబించువాడు, “నా సొత్తుకు నా ఇష్టమైన గుడ్డ వేసికొనుటలో తప్పేమి?” అని అడుగును. అది 1947 నాటి సీటు అని చెప్పనంతవరకు అతడు ఎవరిని మోసగించినట్లు కాదు. అయినను ఇందు సూక్ష్మమైన లోపమొకటి కలదు. ఆ బండి కాయకష్టము చేయువానిది. దానిని శ్రీమంతుని విలాసవాహనముగా మార్చి, “మా తాతలకాలపు బండి ఇట్లుండెడిది” అని పిల్లలకు చూపినచో, ఆ తాతల చెమట చరిత్రనుండి తుడిచివేయబడును. నిరాడంబరత కూడ ఒక సాక్ష్యమే. దానిని బంగారుపూతతో కప్పుటకు మనకు అధికారము లేదు.

రెండవ మార్గము నిజాయితీ గలవారి మార్గముగా కన్పట్టును. వారు పాతసీటును విప్పి, చట్రమునకు బిగించిన అంచులక్రింద, ఎండ తగులని మడతలలో వెదకుదురు. పైన వెలిసిపోయిన రంగు అక్కడ చెక్కుచెదరక ఉండును. నేత, గరుకు, కుట్ల నడిమి దూరము అన్నియు ఆ గుప్పెడు గుడ్డ చెప్పును. ఊహ మొదలైన చోట పునరుద్ధరణము ఆగవలయునని 1964 నాటి వెనిస్ శాసనపత్రము ప్రాచీన కట్టడముల విషయమున విధించినది. ఆ నియమము సీటుగుడ్డకును చెల్లును. కాని ఈ మార్గమునను ఒక ప్రశ్న మిగులును. అమెరికాలో డ్రైవరు ఎడమవైపున కూర్చుండును. అతడు ఎక్కుచు దిగుచు ఉండుటచే ఆ వైపు అంచు ముందుగా అరుగును. ఆ అరుగుదల ఒక మనుష్యుని దినచర్యకు సాక్ష్యము. దానిని ఊడబెరికి అచ్చముగా క్రొత్తసీటు అమర్చినచో, బండి జీవితములో ఒక్కదినమును, అనగా కర్మాగారము విడిచిన దినమును మాత్రమే గౌరవించి, తక్కిన సంవత్సరములన్నిటిని త్రోసిపుచ్చినవారమగుదుము. కాలమునకు తగిన ఆసనమనునపుడు ఏ కాలమునకు?

పోనీ, మూడవ మార్గమే శ్రేష్ఠమందమా? స్ప్రింగులు పైకి పొడుచుకొనివచ్చిన సీటుపై ఎవరును కూర్చుండలేరు. ఎవరును కూర్చుండని ఆసనము ప్రదర్శనవస్తువగును గాని ఆసనము కాదు.

ఇచ్చట మన పూర్వులు సాయపడుదురు. మిలింద మహారాజు రథమెక్కి వచ్చెనని విని, నాగసేన భిక్షువు అతనిని అడిగెను: నొగ రథమా? ఇరుసు రథమా? చక్రములు రథమా? ఏదియును కాదు, భాగముల కూర్పును ఆశ్రయించి లోకము వాడుకొను పేరు రథము. ట్రక్కు ఆత్మ దాని సీటుగుడ్డలో దాగియుండదు. పూరీ క్షేత్రమున నవకళేబరోత్సవమునందు దేవతామూర్తుల దారువిగ్రహములే మారును. 1996లో మారినవి, మరల 2015లో మారినవి. ఆ పరివర్తనకర్మ రహస్యమే అయినను, దారువు మారినదన్న సంగతి లోకమునకంతకును విదితము. కనుక భక్తులలో మోసపోయినవాడు లేడు. ద్రవ్యము మారుట దోషము కాదు. మార్పును మరుగుపరచుటయే దోషము.

ఇంతకన్న కఠినమైన సందర్భమొకటి కలదు. ఆ తరమున వాడిన పూతగుడ్డలు రెండు జాతులవి. పాతజాతి గుడ్డకు నైట్రోసెల్యులోజు పూత. అది పాత సినిమా ఫిల్ములోని పదార్థమే, సులభముగా అంటుకొనును. 1926లో వాల్డో సెమన్ కనుగొనిన మెత్తని వినైల్ క్రమముగా దాని స్థానము నాక్రమించినది. ఇక 1949 మొదలు ఆ షెవ్రొలే ట్రక్కులలో పెట్రోలు ట్యాంకు సీటువెనుకనే అమర్చబడినది. వాహనముల లోపలి గుడ్డలు నిముషమునకు 102 మిల్లీమీటర్లకు మించిన వేగముతో కాలరాదని అమెరికా ప్రభుత్వము 1972 నుండి నిర్బంధించినది. మడతలో దొరికిన ముక్క పాతజాతిదని తేలినచో, సత్యనిష్ఠపేరిట అదే పూతను మరల వేయవలయునా? ఆ ట్రక్కులలో బెల్టులు లేవు. నేటి మూడుకొసల బెల్టు 1959లో వోల్వో కార్లతో వచ్చినది. పాతబండికి బెల్టు అపచారమని పసిబిడ్డను బెల్టు లేకయే కూర్చుండబెట్టవలయునా?

వలదని నా అభిప్రాయము. వస్తువునకు మనము ఋణపడియున్నమాట నిజమే. ఆ ఋణమును ఇతరుల ప్రాణములతో తీర్చుట ధర్మము కాదు. ఆనాటి తయారీదారులు తమకు తెలిసినంతలో చేసిరి. తెలిసినపిదపను మనము అదే చేసినచో అది నిష్ఠ కాదు, మొండితనము. అదే రంగు, అదే గరుకు గల, త్వరగా కాలని వినైల్ వేయవచ్చును. చట్రమును పాడుచేయకుండ, కావలసినపుడు తీసివేయుటకు వీలగునట్లు బెల్టు బిగింపవచ్చును. పునరుద్ధరణమున వాడిన క్రొత్తపదార్థములను గుర్తించునట్లు ముద్రవేయవలయునని, పాతవాహనముల అంతర్జాతీయ సమాఖ్య 2013లో ఖరారు చేసిన ట్యూరిన్ శాసనపత్రము కోరుచున్నది.

2021లో మన కేంద్రప్రభుత్వమును యాభై సంవత్సరములు దాటిన వాహనములకు వింటేజి నియమములను చేసినది. వాహనము అసలు రూపమున ఉండవలయునని చెప్పుచు అవి పేర్కొను మార్పులు చాసిస్, బాడీ, ఇంజను అనువానివి. సీటు సంగతి యజమాని మనస్సాక్షికి మిగిలినది. చట్టము చూడని చోట మనస్సాక్షి ఏమి చేయవలయును? మిగిలినదానిని వీలైనంత మిగుల్చుట. పోయినదానిని సాక్ష్యమున్నంతమేర పోలునట్లు చేయుట. ప్రాణభయమున్న చోట సంకోచింపక మార్చుట. మార్చినది ఏదో, ఎప్పుడో వ్రాసి సీటు అడుగున కుట్టియుంచుట. విప్పిన పాతగుడ్డను పారవేయక బండితోపాటు భద్రపరచుట కూడ ఈ పనిలో భాగమే. రేపు ఆ బండిని కొనువాడు మనకు ముఖపరిచయము లేనివాడు. అతడు సీటును ఎత్తిచూచినపుడు మన మాట అక్కడ దొరకవలయును.