మనం పొయ్యని ఇసుకని మనమెందుకు కడగాలి?



వాసనలు, సంస్కారాల గురించి ఎప్పుడు మాట్లాడుకున్నా ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. "ఈ కోపం నాకు మా నాన్న దగ్గర్నుంచి వచ్చింది. ఈ భయం మా ఇంట్లో అందరికీ ఉంది. నేను తెచ్చుకోనిదానికి నేనెందుకు బాధ్యత తీసుకోవాలి?" న్యాయమైన ప్రశ్నే. పూర్వజన్మ కర్మ అని ఒక్క ముక్కలో తేల్చేస్తే అడిగినవాళ్ళ మనసు కుదుటపడదు. అందుకే ఈరోజు ఒక పాత కారు ఇంజిన్‌ని ఉదాహరణగా తీసుకుని ఆలోచిద్దాం.

1932లో అమెరికాలో ఫోర్డ్ కంపెనీ ఒక వీ8 ఇంజిన్ తెచ్చింది. ఎనిమిది సిలిండర్లు, 65 హార్స్‌పవర్. వాల్వులు పైన హెడ్‌లో కాకుండా సిలిండర్ల పక్కన బ్లాక్‌లోనే ఉంటాయి. పైనున్న హెడ్ బల్లపరుపుగా ఒక మూతలా ఉంటుంది కాబట్టి ఫ్లాట్‌హెడ్ అంటారు. అప్పటిదాకా ఇలాంటి ఇంజిన్లు ఎక్కువగా ఖరీదైన కార్లలోనే ఉండేవి. హెన్రీ ఫోర్డ్ బ్లాక్ మొత్తాన్ని ఒకే పోతగా పోయించి మామూలు జనం కొనగలిగే ధరకి తెచ్చాడు. అమెరికాలో 1953 మోడల్ కార్ల దాకా ఈ ఇంజిన్ వచ్చింది. వాటిని విప్పి, కడిగి, మళ్ళీ నడిపించేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

ఈ ఇంజిన్‌కి పేరుపడ్డ జబ్బు వేడెక్కడం. కాలిన పొగ బయటికి పోయే దారులు బ్లాక్ లోపల్నుంచే, చల్లబరిచే నీళ్ళని ఆనుకునే పోతాయి. ఆ వేడి కూడా నీళ్ళే మొయ్యాలి. కొన్ని ఇంజిన్లకి రేడియేటర్ మార్చినా, పంపులు మార్చినా మరగడం ఆగదు. అప్పుడు బ్లాక్ విప్పి, నీళ్ళ దారుల్లోకి సన్నటి కడ్డీ పోనిచ్చి గోకితే తుప్పుతోపాటు గట్టిగా అంటుకుపోయిన ఇసుక రాలుతుంది.

ఆ ఇసుక రోడ్డు మీద నుంచి వచ్చింది కాదు. పోత పోసిన రోజుది. ఇనుము లోపల ఖాళీ కావాలంటే, ఆ ఖాళీ ఆకారంలోనే ఇసుక ముద్ద చేసి అచ్చులో పెట్టి, చుట్టూ కరిగిన ఇనుము పోస్తారు. చల్లారాక ఇసుకని రాల్చేస్తారు. మూలల్లో ఇరుక్కున్నది కొంత అలాగే ఉండిపోతుంది.

కారు కొన్నాయనకి ఈ సంగతి తెలీదు. ఆయన తప్పు ఇందులో ఆవగింజంత లేదు. కానీ మండుటెండలో దారి మధ్యలో ఆగేది ఆయన కారే.

మన చిక్కంతా ఇక్కడే ఉంది. "ఇది ఎవరివల్ల వచ్చింది?" అన్నది ఒక ప్రశ్న. "దీన్ని ఎవరు తియ్యాలి?" అన్నది ఇంకో ప్రశ్న. రెండింటినీ ఒకటే అనుకుంటాం. నేను చేసే సాఫ్ట్‌వేర్ పనిలో ఇది రోజూ కనిపిస్తుంది. బగ్ రాసినవాళ్ళు ఎప్పుడో కంపెనీ మారిపోయి ఉంటారు. అయినా ఈరోజు ఆ కోడ్ ఎవరి చేతిలో ఉందో వాళ్ళే సరిచెయ్యాలి. సరిచేసినంత మాత్రాన తప్పు ఒప్పుకున్నట్టు కాదు. మనకి వచ్చిన కోపం మన తప్పు కాకపోవచ్చు. ఆ కోపం ఈరోజు ఎవరి మీద పడుతోందో, వాళ్ళు మాత్రం మన ఎదురుగానే ఉన్నారు. నోరు మెదపలేని పిల్లవాడికి "ఇది మీ తాతగారి కోపంరా" అంటే దెబ్బ నొప్పి తగ్గదు కదా!

అలాగని పెద్దవాళ్ళని నిందించడం కూడా సరికాదు. ఆ ఇసుకే లేకపోతే బ్లాక్‌లో నీళ్ళ దారే ఉండేది కాదు. ఇంజిన్‌కి ఊపిరి పోసిన ఖాళీని ఏర్పరచింది ఆ ఇసుకే. పని అయిపోయాక కూడా అక్కడే ఉండిపోవడం వల్ల అడ్డమైంది. కరువు చూసిన అమ్మమ్మ పిసినారితనం ఒకప్పుడు ఇంటిల్లిపాదికీ అన్నం పెట్టింది. అదే గుణం ఈరోజు గుమ్మంలో నిలబడ్డవాడికి పిడికెడు బియ్యం పెట్టనివ్వదు. అమ్మమ్మకి దణ్ణం పెట్టాలి, పిసినారితనాన్ని వదలాలి. రెండూ ఒకేసారి చెయ్యొచ్చు.

ఇక ఎలా కడగాలన్నది. మరుగుతున్న కాస్టిక్ సోడా నీళ్ళలో ముంచితే ఇనప బ్లాక్‌కి పట్టిన జిడ్డంతా వదిలిపోతుంది. అదే తొట్టిలో అల్యూమినియం పిస్టన్ వేస్తే పిస్టనే కరగడం మొదలుపెడుతుంది. అందుకే మన పెద్దలు అధికారి భేదం అన్నారు. ఒకరికి కఠినమైన ఉపవాసం మేలు చేస్తుంది, ఇంకొకరికి అదే కీడు. పక్కింటివాళ్ళ నియమాన్ని మన నెత్తిన పెట్టుకోనక్కర్లేదు.

ఇంకో ముఖ్యమైన విషయం. బ్లాక్ శుభ్రం చేశాక, అయస్కాంతం పెట్టి సన్నటి ఇనప పొడి చల్లి చూస్తారు. పగులు ఉంటే ఆ గీత వెంట పొడి పేరుకుంటుంది. ఈ ఇంజిన్లలో వాల్వులకీ సిలిండర్లకీ మధ్య పగుళ్ళు మామూలే. పగులు మురికి కాదు. ఎంత కడిగినా పోదు, తెలిసినవాళ్ళు దాన్ని అతకాలి. మనుషుల్లోనూ అంతే. లోతుగా దెబ్బతిన్నవాళ్ళని "జపం చెయ్యి, అదే పోతుంది" అని పంపించెయ్యకూడదు. వాళ్ళకి డాక్టర్ కావాలి, మనిషి తోడు కావాలి. జపం వాటితోపాటు సాగుతుంది, వాటికి బదులు కాదు.

ఇంజిన్‌ని కడగడానికి ఎవరో ఒకరుంటారు, మనల్ని ఎవరు కడుగుతారు? గీత ఆరో అధ్యాయంలో అర్జునుడు, మనసుని పట్టడం గాలిని పట్టడమంత కష్టమంటాడు. కృష్ణుడు ఆ కష్టాన్ని కాదనడు. అభ్యాసం, వైరాగ్యం అని రెండు సాధనాలు చేతికిస్తాడు. పని మనది, బలం ఆయనది.

చివరిగా ప్రహ్లాదుణ్ణి తలుచుకుందాం. పుట్టింది హిరణ్యకశిపుడి ఇంట్లో. ఆ తండ్రి ద్వేషాన్ని తను తీసుకోలేదు, తన తర్వాతివాళ్ళకి ఇవ్వలేదు. నరసింహస్వామి వరం కోరుకోమంటే, తనని అన్ని బాధలు పెట్టిన తండ్రి పాపం పోవాలని అడిగాడు. ఆయనతోపాటు 21 తరాలు పవిత్రమయ్యాయన్నాడు స్వామి. వారసత్వంగా వచ్చిన మురికిని ఒక్కరు పూనుకుని కడిగితే, ఆ పుణ్యం ముందు తరాలకే కాదు, వెనకటి తరాలకీ చేరుతుందని దీనర్థం.

ఈ వారం మీ ఇంట్లో తరతరాలుగా వస్తున్న ఒక్క గుణాన్ని గుర్తుపట్టండి. ఎవరి నుంచి వచ్చిందో వాళ్ళకి మనసులో ఒక నమస్కారం పెట్టండి. తర్వాత కడ్డీ చేతిలోకి తీసుకోండి.

ఓం నమో నారాయణాయ.