ఎవరి మాట ఎవరి నోట

పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా ఒక ఇంట్లో నడిచే మాటలన్నీ రాసిపెట్టి చూస్తే, కొత్త సంగతి చెప్పేవి చాలా తక్కువని తేలుతుంది. "లేచావా?" అని లేచిన మనిషినే అడుగుతాం. "వచ్చావా?" అని గుమ్మంలో చెప్పులు విడుస్తున్న మనిషినే అడుగుతాం. వేరే ఊళ్లో ఉన్న కూతురికి ఫోన్ చేసి "తిన్నావా?" అని అడిగే తల్లికి ఆ పూట కూరేమిటో తెలియకపోయినా ఫర్వాలేదు. నేనున్నాను, నువ్వున్నావా అన్నదే ఆ అడగడంలో ఉన్న సంగతంతా. అవతల నుంచి "ఆఁ" అని వినపడితే చాలు, మనసు కుదుటపడుతుంది.

ఈ సంగతి నాకు నేర్పినవి మా ఇంట్లోని రెండు చిలకలు. రెండూ ఆఫ్రికన్ గ్రే జాతివి. బూడిదరంగు ఒళ్లు, ఎర్రటి తోక, రెప్ప వాల్చకుండా మనిషిని చదివే లేతపసుపు కళ్లు. మిట్టు మా దగ్గరికి వచ్చేనాటికే పెద్దవాడు. వాణ్ని పెంచిన దంపతులు విదేశంలో ఉన్న కొడుకు దగ్గరికి వెళ్లిపోతూ, తెలిసినవాళ్ల ద్వారా మాకు అప్పగించారు. గౌరి ఆ తర్వాత, పిల్లగా ఉన్నప్పుడే వచ్చింది.

నేను వంటింట్లోకి వెళ్లి కాసేపు కనపడకపోతే హాల్లోంచి మిట్టు ఈల వేస్తాడు. నేనూ ఈల వేస్తే ఊరుకుంటాడు. వెయ్యకపోతే "ఏం చేస్తున్నావ్?" అంటాడు. అప్పటికీ పలక్కపోతే కుక్కర్ కూత, కాలింగ్ బెల్లు, మా ఆయన దగ్గు, తనకు తెలిసిన చప్పుళ్లన్నీ వరసగా వినిపిస్తాడు. "ఇక్కడే ఉన్నాన్రా" అన్న ఒక్క మాట చెవిన పడిందా, మళ్లీ నింపాదిగా గింజ ఒలుచుకుంటాడు.

ఈ జాతి పుట్టిల్లు పశ్చిమ, మధ్య ఆఫ్రికాలోని వానాడవులు. ఆ చిక్కటి ఆకుల్లో పక్కకొమ్మ మీది తోటిపక్షి కూడా కంటికి ఆనదు. గుంపు నుంచి తప్పిపోయిన పక్షి డేగ పాలవుతుంది. కాబట్టి చిలకకు పిలుపంటే ప్రాణం. పిలిస్తే బదులు రావాలి, బదులిస్తేనే గుంపు గుంపుగా ఉంటుంది. వెనిజులాలో అడవిచిలకల్లో ఒక చిన్న జాతిని ఏళ్ల తరబడి గమనించిన కార్ల్ బెర్గ్ బృందం 2011లో ఒక విశేషం ప్రకటించింది. గూట్లో ఉన్నప్పుడే పిల్లలు తల్లిదండ్రుల దగ్గర తమ తమ పిలుపులు నేర్చుకుంటాయట. ఒక గూటి గుడ్లను ఇంకో గూట్లో పెట్టి చూస్తే, ఆ పిల్లలకు కన్నవాళ్ల పిలుపులు రాలేదు, పెంచినవాళ్లవే వచ్చాయి. అంటే మనం బారసాల చేసి పేరు పెట్టుకున్నట్టే, ఆ పక్షులకూ పేరులాంటిది ఒకటి పెంపకంలోనే దక్కుతోంది.

ఇది తెలిశాక చిలక మాటను నేను వేరుగా వినడం మొదలుపెట్టాను. దాని గొంతులో మనకున్నట్టు స్వరతంతువులు లేవు. ఊపిరిగొట్టం రెండుగా చీలే చోట పుట్టిన నాదాన్ని మందపాటి నాలుకతో మలుచుకుని మన అక్షరాలకు దగ్గరగా తెస్తుంది. ఇంత కష్టం ఎందుకు పడుతుంది? అడవిలో తన గుంపుతో తిరిగే చిలకకు మనిషి మాటతో పనిలేదు. మాట్లాడటానికి తన గుంపు లేని చిలకే మన మాట నేరుస్తుంది. మనం ముచ్చటపడి చప్పట్లు కొట్టే ప్రతి పలుకు వెనకా, గుంపును పోగొట్టుకున్న ఒక పక్షి మనల్నే గుంపుగా ఎంచుకున్న నిర్ణయం ఉంది. అర్థం తెలియకుండా పలుకుతుందని దాన్ని తీసిపారేయడం అన్యాయం. "తిన్నావా?" అనే మాటలో అమ్మ పెట్టే అర్థమే అదీ పెడుతోంది.

చిలక మాట ఆ అర్థంతోనే ఆగిపోదని ఒక చిలక లోకానికి చూపించింది. 1977లో ఐరీన్ పెప్పర్‌బర్గ్ అనే శాస్త్రవేత్త షికాగోలో పెంపుడు పక్షులమ్మే దుకాణం నుంచి ఒక ఆఫ్రికన్ గ్రే పిల్లను తెచ్చి అలెక్స్ అని పేరు పెట్టింది. కాలక్రమంలో అది సుమారు 50 వస్తువుల పేర్లు, 7 రంగులు, 5 ఆకారాలు చెప్పగలిగింది. ఆరు దాకా లెక్కపెట్టింది. రెండు వస్తువుల మధ్య తేడా ఏమిటంటే రంగు అనో, ఆకారం అనో చెప్పేది, తేడా లేకపోతే ఏమీ లేదనేది. నన్ను ఆకట్టుకున్నది ఈ లెక్కలకన్నా నేర్పిన పద్ధతి. అలెక్స్‌ను ఎదురుగా కూర్చోబెట్టి వల్లె వేయించలేదు. దాని ముందు ఇద్దరు మనుషులు మాట్లాడుకునేవారు. ఒకరు వస్తువు చూపించి అడిగితే రెండోవారు జవాబు చెప్పి ఆ వస్తువు అందుకునేవారు. ఆ సంభాషణలో తనకూ చోటు కావాలనిపించి అలెక్స్ నేర్చుకునేది. 2007 సెప్టెంబరులో, 31 ఏళ్ల వయసులో అది చనిపోయింది. ముందురోజు రాత్రి గూట్లో పెడుతుంటే, బుద్ధిగా ఉండమనీ, నువ్వంటే ప్రేమ అనీ, రేపు కలుద్దామనీ ఆమెకు రోజూ చెప్పే మాటలే చెప్పింది.

చుట్టూ నడిచే సంభాషణ వినే చిలక మాట నేరుస్తుందని మనవాళ్లకు ముందే తెలుసు. మీమాంస పండితుడు మండనమిశ్రుడి ఇల్లెక్కడని శంకరాచార్యులు నీళ్లకు వచ్చిన స్త్రీలను అడిగితే, ఏ ఇంటి వాకిట పంజరాల్లోని చిలకలు వేదం స్వతఃప్రమాణమా (తనకు తానే ప్రమాణమా), పరతఃప్రమాణమా (వేరే ఆధారం కావాలా) అని వాదించుకుంటుంటాయో అదే ఆయన ఇల్లని చెప్పారట. ఆ చిలకలకు ఎవరూ పనిగట్టుకుని మీమాంస నేర్పి ఉండరు. ఆ ఇంట్లో పొద్దస్తమానం నడిచిన మాట అది. విద్వాంసుడి ఇంట్లో చర్చ, కచేరీ చేసేవాళ్లింట్లో ఆలాపన, పోట్లాడుకునే ఇంట్లో పోట్లాట. చిలక మనం నేర్పాలనుకున్నది వదిలేసి, మనం బతుకుతున్నది పట్టుకుంటుంది. అందులోనూ ఆవేశంతోనో ఆనందంతోనో గొంతు నిండుగా అన్న మాటను ముందు పట్టుకుంటుంది. గౌరికి నేను ఓపిగ్గా శ్లోకం చెప్పిన రోజులున్నాయి. దానికి వచ్చింది మాత్రం, దూరపు ఊరి నుంచి మా అమ్మాయి రాగానే నేను గుమ్మం దగ్గర వేసే కేక.

మిట్టు తెచ్చుకున్న మాటలు ఇంకా వేరు. మేము ఎన్నడూ చూడని ఒక ఇల్లు వాడిలో ఉంది. తెల్లవారుతుండగానే ఒక తల్లి గొంతు, "బాబీ, లే నాన్నా, బస్సొచ్చేస్తుంది" అంటుంది. ఆ వెనకే పాత ల్యాండ్‌లైన్ ఫోన్ మోత. ఒక పెద్దాయన గొంతు సవరించుకోవడం. స్కూలు బస్సెక్కిన ఆ బాబీ ఇప్పుడు ఎక్కడో ఉద్యోగం చేసుకుంటూ, తన పిల్లల్ని లేపుతూ ఉండొచ్చు. అతని బాల్యంలోని ఒక ఉదయం మాత్రం, అతనికి పరిచయం లేని మా ఇంట్లో రోజూ తెల్లవారుతోంది.

1800లో ఒరినోకో నది వెంట ప్రయాణించిన హంబోల్ట్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఒక ముసలి చిలక గురించి రాశాడు. మైపురెస్ అనే చోట ఆ చిలక మాటలు ఎవరికీ అర్థమయ్యేవి కావు. అది అంతరించిపోయిన అతురె తెగవాళ్ల భాష మాట్లాడుతోందని అక్కడివాళ్లు ఆయనతో చెప్పారు. భాషను మాట్లాడే మనుషులు పోయాక ఒక పక్షి గొంతులో నాలుగు మాటలు మిగలడమన్న ఆలోచన రెండు శతాబ్దాల తర్వాత కూడా చదివినవాళ్ల గుండె పట్టుకుంటుంది. మిట్టు బాబీని లేపుతుంటే నాకు ఆ నదీ తీరమే గుర్తొస్తుంది.

దీనికి మించిన వింత గౌరి విషయంలో జరిగింది. మిట్టు దగ్గర విని అది కూడా బాబీని లేపడం మొదలుపెట్టింది. ఆ తల్లిని అది చూడలేదు. ఆ ఇంటి గోడలు ఎరగదు. ఒక అమ్మ గొంతు ఒక చిలకలోకి, ఆ చిలక గొంతు ఇంకో చిలకలోకి నడిచి వచ్చింది. పోను పోను మాట కొంచెం అరిగింది, "నాన్నా" అన్న చోటి ముద్దు మాత్రం అరగలేదు. సంప్రదాయం అని మనం పెద్ద పేరు పెట్టుకున్నది ఇలాగే నడుస్తుందని నాకిప్పుడు గట్టి నమ్మకం. మా నాయనమ్మ తన అత్తగారి దగ్గర పట్టుకున్న ఒక ఊతపదం మా అమ్మ నోటినుంచి నాకు వచ్చింది. ఆ ముత్తవ్వ ఫోటో అయినా మా ఇంట్లో లేదు. ఆమె ఏం చదివిందో, ఏం కోరుకుందో చెప్పేవాళ్లు లేరు. పిల్లలు పడబోతే ఆమె అన్న ఒక్క మాట మాత్రం మూడు తరాలు దాటి నా నోట్లో ఉంది. ఒక మనిషి తాలూకు మిగిలేది ఉపదేశం కన్నా ఊతపదమే.

ఇది తెలిసిన ఇంట్లో మాట తీరు మారక తప్పదు. మేము విసుక్కున్న మాట ఏదైనా ముప్పై ఏళ్ల తర్వాత, మేము లేనప్పుడు, వేరెవరి ఇంట్లోనో మా గొంతుతోనే వినిపించవచ్చు. దాన్ని విన్నవాళ్లకు మా గురించి తెలిసేది అదొక్కటే కావచ్చు. అందుకే కోపం వచ్చినప్పుడు కూడా గొంతు తగ్గించుకోవడం మాకు అలవాటైంది. వినేవాడు నోరులేనివాడైతే మాట తూలినా చెల్లిపోతుందని మనిషి అనుకుంటాడు. చిలక ఉన్న ఇంట్లో ఏ మాటా చెల్లిపోదు.

ముప్పై ఏళ్ల మాట ఊరికే అనలేదు. బాగా చూసుకుంటే ఆఫ్రికన్ గ్రే నలభై నుంచి అరవై ఏళ్లు బతుకుతుంది. అమెరికాలోని బ్రూక్‌ఫీల్డ్ జూ 1934లో తెరిచినప్పుడు అక్కడికి చేరిన కుకీ అనే కాకటూ జాతి చిలక 83 ఏళ్లు బతికి 2016లో పోయింది. దాన్ని తాత చెయ్యి పట్టుకుని చూసిన పిల్లలు, తామే తాతలై మనవల్ని తీసుకొచ్చి చూపించారు. కుక్కను పెంచుకునేవాళ్లు దాని చావును చూసేందుకు సిద్ధపడతారు. చిలకను పెంచుకునేవాళ్లు తమ చావు తర్వాతి రోజు గురించి ఆలోచించాలి. ఆ రోజు మిట్టు ఈల వేస్తాడు. బదులు రాదు. అదెంత కష్టమో తెలియనివాళ్లు, తోడు పోయిన చిలక తన ఈకలు తానే పీక్కుని ఒళ్లంతా బోడి చేసుకోవడం ఒక్కసారి చూస్తే చాలు.

రామదాసు పూర్వజన్మలో ఒక చిలకను 12 రోజులు పంజరంలో బంధించాడనీ, ఆ ఫలితమే గోల్కొండలో 12 ఏళ్ల చెర అనీ మన పెద్దలు చెప్పుకునే కథ ఉంది. అంతటి రామభక్తుడికి కూడా అందులో మినహాయింపు ఇవ్వలేదు. ఈ కథ చెప్పిన మనిషికి పక్షి గుండె తెలుసు. ఆ కథ చెప్పుకునే గడ్డ మీదే రామచిలుక పిల్లల్ని గూళ్లనుంచి లాగి, రెక్కలు కత్తిరించి, సంతలో అమ్మడం ఇంకా పోలేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద మన దేశపు చిలకల్ని పట్టడం, అమ్మడం, ఇంట్లో పెట్టుకోవడం నేరం. ఆఫ్రికన్ గ్రేలాంటి విదేశీ జాతుల్ని పెంచుకోవచ్చు గానీ కేంద్ర ప్రభుత్వపు పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలి. మిట్టు, గౌరిల నమోదు పూర్తయింది. అయినా చట్టం సరేనన్నంత మాత్రాన మనసు సరేననదు. ఘానా అడవుల్లో 1990ల తొలినాళ్లతో పోలిస్తే ఈ జాతిలో నూటికి తొంభైకి పైగా తగ్గిపోయాయి. అడవులు కొట్టేయడంతో పాటు, మనలాంటి ఇళ్ల ముచ్చట కోసం పట్టుకుపోవడమే అందుకు కారణం. 2016లో చాలా దేశాలు కలిసి అడవిలో పట్టిన ఆఫ్రికన్ గ్రేల అంతర్జాతీయ వ్యాపారాన్ని నిషేధించాయి.

మా రెండూ మనుషుల చేతుల్లో పుట్టి పెరిగినవే, అడవిలో వదిలితే బతకలేవు. కాబట్టి మేము చేయగలిగింది ఒక్కటే, పిలిచినప్పుడు పలకడం. పంజరం తలుపు పగలంతా తెరిచే ఉంటుంది. వేడెక్కిన నాన్‌స్టిక్ పెనం పొగ పక్షుల ప్రాణం తీస్తుంది కనుక ఆ గిన్నెలు ఇంట్లోంచి పోయాయి. ప్రయాణాలు ఇద్దరం కలిసి చేయం. మా తర్వాత చూసుకునేందుకు మా చెల్లెలి కూతురు ఒప్పుకుంది. ఆ అమ్మాయి ఇప్పటినుంచే వారంవారం వచ్చి వాటితో గడుపుతుంది, ఎందుకంటే కొత్త గొంతును తనవాళ్ల గొంతుగా ఒప్పుకోవడానికి చిలకకు చాలాకాలం పడుతుంది. వీలునామాలో కూడా ఆ సంగతి రాయించాం. వాటి తిండికీ వైద్యానికీ కొంత డబ్బు వేరుగా పెట్టాం.

మాట్లాడే చిలక ఎక్కడ దొరుకుతుందని నన్ను అడిగేవాళ్లు చాలామంది. వాళ్లకు నేను చెప్పేది ఇదే. ముందు రామచిలుకను కొనే ఆలోచన పూర్తిగా మానండి. పెరట్లో జామచెట్టు ఉంటే కాయలు కొన్ని కోయకుండా వదలండి, గోడమీద మట్టిమూకుడులో నీళ్లు పెట్టండి, అవే గుంపులుగా వస్తాయి. విదేశీ చిలకైనా కొత్తగా కొనొద్దు. ఇల్లు మారాల్సి వచ్చి దిక్కులేకుండా మిగిలిన పెద్ద చిలకలున్నాయి, వాటిని అడిగి తెచ్చుకోండి. తెచ్చుకునే ముందు, మీ తర్వాత దానికి బదులు పలికే మనిషి పేరు ఒక కాగితం మీద రాయండి. ఆ పేరు రాయలేకపోతే చిలకను తెచ్చుకోకండి.