ప్రింటుకిచ్చిన కాగితం

తార్నాకలో ఓ జిరాక్స్ షాపు. ఉస్మానియా హాస్టళ్ల పిల్లలు వాట్సాప్‌లో ఫైళ్లు పంపి ప్రింట్లు తీసుకుపోతుంటారు. హాల్‌టికెట్లు, ఆధార్ కార్డులు, థీసిస్‌లు, ఆస్పత్రి రిపోర్టులు. ఎవరి బతుకు ఎటు మలుపు తిరుగుతోందో ఇంట్లోవాళ్లకంటే ముందే ఆ కంప్యూటర్‌కు తెలుస్తుంది.

ఒక సాయంత్రం ఒకాయన వచ్చి ఫోన్‌లో ఫొటో చూపించాడు. "ఈ పిల్ల నా మేనకోడలు. పొద్దున ఏం ప్రింటు తీయించుకుందో ఒక్కసారి చూపియ్యి."

"ప్రింటు తియ్యమని ఇచ్చింది సార్. ఎవరికన్న చూపియ్యమని ఇయ్యలే."

"తప్పేం లేకుంటే దాచుడెందుకు?"

షాపాయన జవాబివ్వకుండా తర్వాతివాళ్ల కాగితం అందుకున్నాడు. వచ్చినాయన గొణుక్కుంటూ పోయాడు.

పనిలో ఉన్న కుర్రాడు ఉండబట్టలేక అడిగాడు. "చూపిస్తే ఏం పోతుండె అన్నా? మామనే గదా!"

"మామనో కాదో మనకెట్ల తెలుస్తది? నిజంగ మామనే అయితే ఆ పిల్లనే అడగాలె. మనల్నెందుకు అడుగుతుండు?"

షట్టరు దించే ముందు ఆ రోజు ఫైళ్లన్నీ కుర్రాడితోనే తుడిపించాడు.

నీతి: ఒక పనికిచ్చింది ఆ పనికే. కాగితం చేయి మారితే దాని మీది హక్కు చేయి మారదు.

ఇది షాపాయన మంచితనానికి వదిలేసే సంగతి కాదు. స్టాంపుల చట్టానికి 1986లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒక సవరణ చేసింది. కలెక్టర్ రాతపూర్వకంగా అధికారమిచ్చిన ఎవరైనా సరే, బ్యాంకులో ఖాతాదారుల పత్రాలు తిరగేసి నకళ్లు తీసుకోవచ్చన్నది దాని సారం. హైకోర్టు కొట్టేసింది. హైదరాబాద్ జిల్లా రిజిస్ట్రార్‌కూ కెనరా బ్యాంకుకూ నడిచిన ఆ వ్యాజ్యంలో 2004లో సుప్రీంకోర్టూ అదే మాటంది: పత్రం బ్యాంకుకు అప్పగించినంత మాత్రాన ఖాతాదారు గోప్యత పోదు. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది సుప్రీంకోర్టు న్యాయమూర్తులు ఏకగ్రీవంగా గోప్యతను ప్రాథమిక హక్కన్నారు.

అయినా 2021 మే లాక్‌డౌన్‌లో సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్‌ను హైదరాబాద్ పోలీసులు దారిలో ఆపి మాస్కు తీయమన్నారు. ఆయన కాదన్నా ఫొటో తీసుకున్నారు. ఫొటోలతో ముఖాలను గుర్తుపట్టేందుకు పోలీసులు వాడే యంత్రాంగానికి ఏ చట్టం ఆధారమని ఆయన తెలంగాణ హైకోర్టుకెక్కారు. హాస్టల్ పిల్ల ఫైలు తనే ఇచ్చింది. మసూద్ తన ఫొటో ఇవ్వనేలేదు. ఏ చట్టం కింద, ఏ నేరం దర్యాప్తు కోసం తీశారో చూపలేనప్పుడు ఆ ఫొటో పోలీసుల దగ్గర ఒక్కరోజు కూడా ఉండకూడదు.