దయ ఏ కడుపున పుట్టింది?

'ఖుదాయా రహమ్ కర్' పాకిస్తాన్ నుంచి వచ్చిన ఉర్దూ క్రైస్తవ గీతం. ఆర్.ఎఫ్. లిబేరియస్ స్వరపరచిన ఈ చిన్న ప్రార్థన ఇంగ్లీషు కీర్తనల పుస్తకాల్లో 'ప్రభువా, మమ్మల్ని కరుణించు' అని అర్థమొచ్చే శీర్షికతో చేరింది. ఆ అనువాదాన్ని తప్పు పట్టలేం. దీనికి మూలమైన ప్రాచీన గ్రీకు ప్రార్థనలోనూ ఉన్నది 'ప్రభువు' అన్న మాటే. అయినా సాహిత్య పరిశోధకురాలిగా నన్నొక ప్రశ్న వదలడం లేదు: దయ కోరేవాళ్లు ఎవరి ముందు, ఏ హోదాలో నిలబడి అడుగుతున్నారు?

'రహమ్' అరబ్బీ నుంచి ఉర్దూలోకి వచ్చింది. అరబ్బీలో గర్భసంచి పేరుదీ అదే ధాతువు. ఇంగ్లీషు 'మెర్సీ'కి మూలమైన లాటిన్ మాటకేమో కూలి, ప్రతిఫలం అని అర్థం. ఇక 'కర్' అనేది 'నువ్వు' అని చనువుగా పిలిచేటప్పుడు వాడే క్రియ. ఉర్దూ వ్యాకరణంలో ఖుదా పుంలింగమే అయినా ఈ క్రియారూపంలో లింగం కనబడదు. 'లార్డ్' అనగానే మగతనమూ, దొరతనమూ రెండూ వచ్చి కూర్చుంటాయి.

పంజాబులో 19వ శతాబ్దం చివర గుంపులుగా క్రైస్తవం తీసుకున్నవారిలో ఎక్కువమంది చూహ్రాలు. భూస్వాముల పశువుల పేడ ఎత్తిన కులం. ఆ పేరే అక్కడ తిట్టు. ఈనాటికీ పాకిస్తాన్ నగరాల్లో మురుగు కాలువల్లోకి దిగేవారిలో క్రైస్తవులే ఎక్కువ. దొర దయ ఎలా ఉంటుందో వాళ్లకీ తెలుసు, మన మాల మాదిగ క్రైస్తవులకీ తెలుసు.

అయితే దయని గర్భంతో ముడిపెట్టాలన్నా నాకు భయమే. కడుపుతీపి పేరు చెప్పే కదా ఓర్పునీ క్షమనీ ఆడవాళ్ల ఖాతాలో రాశారు! కొట్టిన భర్తని క్షమించమనేవాళ్లు చూపించేది దేవుడి కరుణనే. ఆ దేవుణ్ణి తల్లిని చేస్తే మన బరువు ఇంకాస్త పెరుగుతుంది.

నాకు దారి చూపింది మన 'సహోదరి' అన్న మాట. ఒకే ఉదరాన పుట్టినది అని. ఆ అరబ్బీ ధాతువు కూడా రక్తసంబంధాన్ని చెబుతుంది. అలా చూస్తే దయ తల్లి ఒక్కతే మోసే గుణం కాదు, తోబుట్టువులందరూ ఒకరికొకరు పడ్డ బాకీ. కొట్టినవాడూ అందులో బాకీదారే. ప్రభువు దయ తలిస్తే దండం పెట్టాలి. తోబుట్టువు దయ తప్పితే నిలదీయొచ్చు. అనువాదకులు ఏ మాట ఎంచుకున్నా, నిలదీయడానికి ఉన్న ఆ చోటుని మూసేయకూడదు.