బోణీ వేళ ఎడం చేయి

దిల్‌సుఖ్‌నగర్‌లో మా వీధి చివర కిరాణా కొట్టతను మంచివాడు. నెలాఖరుకు అప్పు పెడతాడు, పెరుగు పుల్లబడితే తనే చెప్పి ఇవ్వడు. ఒకరోజు పొద్దున్నే పాల ప్యాకెట్ కోసం వెళ్లి యాభై రూపాయల నోటు చాపాను. తీసుకోలేదు. నా మొహం చూశాడు, చేయి చూశాడు. "సార్, బోణీ టైమ్. జర కుడి చేత్తో ఇయ్యండి" అన్నాడు.

నా కుడి చేయి మెడకు వేలాడే పట్టీలో ఉంది. మోచేతి నుంచి అరచేతి దాకా కట్టు. అది అతనికి కనిపించలేదా అంటే, కనిపించింది. "నొప్పి తగ్గిందా సార్" అని అదే నోటితో అడిగాడు కూడా. చివరికి ఇద్దరం రాజీకి వచ్చాం. కట్టులోంచి బయటికి పొడుచుకొచ్చిన కుడి చేతి వేళ్ల మధ్య నోటు ఇరికించాను, అతను మెల్లగా లాక్కున్నాడు. వేళ్లు జివ్వుమన్నాయి. లక్ష్మి మాత్రం కుడివైపు నుంచే కొట్లోకి వెళ్లింది.

ఆ నొప్పితో ఇంటికి నడుస్తుంటే మొదలైంది ఈ ఆలోచన. ఒక దేహానికి రెండు చేతులు. ఒకదానికి మర్యాద, ఒకదానికి మైల. ఈ పంపకం ఎవరు చేశారు?

ప్రమాదం సంగతి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. విజయవాడ బస్సులో వస్తున్న మా అక్కను ఎల్‌బీ నగర్‌లో దింపుకోవడానికి తెల్లవారుజామున బండి మీద బయల్దేరాను. మెట్రో ఇంకా మొదలు కాని వేళ. రాత్రి కురిసిన వానకు రోడ్డు తడిగా ఉంది. చైతన్యపురి దాటాక ఒక కుక్క అడ్డం వచ్చింది, బ్రేక్ నొక్కాను, డివైడర్ పక్కన పేరుకున్న ఇసుక మీద బండి జారింది. హెల్మెట్ పగిలింది, తల మిగిలింది. కుడి ముంజేతిలో రెండు ఎముకలూ విరిగాయి. ఆపరేషన్ చేసి ప్లేట్లు, స్క్రూలు వేశారు.

చూడ్డానికి వచ్చిన చుట్టాలందరిదీ ఒకటే మాట: తలకొచ్చింది తలపాగాతో పోయింది. ఆ సామెతలో తప్పు లేదు, నా తలపాగా ఐఎస్‌ఐ గుర్తు ఉన్నది. దేవుడు కాపాడాడని ఒకరు, గ్రహచారం బాగుండి బయటపడ్డానని మరొకరు అన్నారు. కాపాడేవాడు ఆ ఇసుకనే కాస్త పక్కకు జరిపి ఉండొచ్చు కదా అని అడగాలనిపించింది. అడగలేదు. వాళ్లు వచ్చింది వాదనకు కాదు, పళ్లు తీసుకుని.

నిజానికి నన్ను లేపింది ఎవరో నాకు తెలుసు. రోడ్డు ఊడుస్తున్న ఒకామె. అంతకుముందు రెండు ఆటోలు నెమ్మదించి, చూసి, వెళ్లిపోయాయి. ప్రమాదంలో ఆదుకున్నవారిని పేరు చెప్పమని కూడా బలవంతం చేయకూడదన్న మార్గదర్శకాలకు సుప్రీంకోర్టు 2016 మార్చి 30న ఆమోదముద్ర వేసింది. 2019లో మోటారు వాహనాల చట్టంలోనూ అటువంటి రక్షణ చేరింది. ఆ సంగతులు పేపర్లో చదివి ఎరిగినవాణ్ణి నేను. అయినా ఎన్నిసార్లు ఆగాను? ఆమె మాత్రం చీపురు పక్కన పడేసి పరిగెత్తుకొచ్చింది. "ఏం గాదన్నా, కూసో, కూసో" అంటూ తన దస్తీతో నా చేతిని ఛాతీకి కట్టింది. తన సీసాలోంచి నీళ్లు తాగించింది. 108 వచ్చేదాకా పక్కనే కూర్చుంది.

ఆ నీళ్ల గురించి ఒక ప్రశ్న నన్ను ఇప్పటికీ వదలదు. మామూలు రోజున, ఒంటి మీద గాయం లేని రోజున, ఆ సీసా అందుకుని ఉండేవాణ్ణా? చదువుకున్నవాణ్ణి, కులం మీద వ్యాసాలు రాసినవాణ్ణి. జవాబు ఔననే చెప్పాలి. కానీ దాహం లేనప్పుడు ఆ పరీక్ష నాకు ఎన్నడూ ఎదురుకాలేదు. ఎదురుకాకుండా నా జీవితం ఏర్పాటై ఉంది.

ఇంటికొచ్చాక అసలు చదువు మొదలైంది. కుడిచేతి వాటం వాడికి ఎడమ చేయి పరాయి ఊరు. పళ్లు తోముకుంటే బ్రష్షు చిగుళ్లలోకి వెళ్లేది. అన్నం ముద్ద నోటి దాకా వచ్చి ఒళ్లో పడేది. చొక్కా గుండీ ఒక్కటి పెట్టుకోవడానికి కాఫీ చల్లారిపోయేంత సేపు పట్టేది. నాకు నేర్పడానికి పూనుకున్నది మా అమ్మాయి. చెంచా ఎక్కడ పట్టుకోవాలో, కాగితం ఎటు వాల్చి రాయాలో ఓపిగ్గా చూపించింది. ఇదంతా నీకెలా తెలుసమ్మా అన్నాను. "నాది పుర్ర చేయే కదా నాన్నా! ఒకటో క్లాసులో నువ్వే స్కేలుతో కొట్టి మాన్పించావు. మర్చిపోయావా?" అంది. నిష్ఠూరంగా అనలేదు, నవ్వుతూనే అంది. నేను మాత్రం ఆ పూట సరిగ్గా తినలేకపోయాను. కిరాణా కొట్టతను నన్ను కొట్టలేదు కదా.

పదిమందిలో ఒకరు ఎడమచేతి వాటంతో పుడతారు. పుట్టుకలో ఉన్నది వాటం ఒక్కటే, అవమానం కాదు. ఫ్రెంచ్ సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ హెర్ట్జ్ 1909లో కుడిచేతి ఆధిక్యం మీద ఒక ప్రసిద్ధ వ్యాసం రాశాడు. చేతుల మధ్య ప్రకృతి పెట్టిన తేడా చిన్నది, దాన్ని పావనం, అపావనం అనే రెండు లోకాలుగా చీల్చింది సమాజమేనన్నది అందులోని సారం. చాలా భాషలు ఆ చీలికకు సాక్ష్యం పలుకుతాయి. సంస్కృతంలో దక్షిణం అంటే కుడి. దక్షుడూ దక్షతా దాని చుట్టాలే, పురోహితుడికిచ్చే దక్షిణా అంతే. లాటిన్‌లో ఎడమను చెప్పిన 'సినిస్టర్' అనే మాట ఇంగ్లీషులోకొచ్చేసరికి కీడుకు పేరైంది. మన తెలుగులో నమ్మిన బంటు కుడి భుజం. లెక్కలేనట్టు విసిరితే అది ఎడం చేత్తో పారేయడం.

ఇంత ఆచారం ఊరికే పుట్టి ఉండదనే పెద్దలున్నారు. వాళ్ల మాటా వినాలి. సబ్బు లేక, నీళ్లు కరువైన కాలంలో ఒక చేతిని కడుక్కోవడానికి, ఒక చేతిని తినడానికి కేటాయించడం తెలివైన పనే. కానీ నోటుకు ఆ నియమం ఎందుకు? చేపల బజారు నుంచి ఆసుపత్రి దాకా తిరిగొచ్చిన నోటుకు నా ఎడం చేయి కొత్తగా అంటించే రోగం ఏముంది? అదే నెలలో ఒక పెళ్లికి వెళ్తే అక్షింతలు ఎడం చేత్తో వేయబోయాను. మా పిన్ని చేయి పట్టుకుని ఆపింది. అక్షింతలు ఎవరూ తినరే! అంటే అసలు కారణం ఎప్పుడో పోయింది, చిన్నచూపు మాత్రం మిగిలింది.

ఇక్కడే నాకు చేతుల సంగతి మనుషుల సంగతిగా కనిపించసాగింది. ఎడం చేయి చేసిన నేరం ఏమిటి? దేహాన్ని శుభ్రం చేయడం. ఆ పని చేయకపోతే కుడి చేయి విస్తరి ముందు కూర్చోలేదు. ఊరి విషయంలోనూ మనం ఇదే చేశాం. కొందరిని ఊరికి ఎడం చేయిగా నిలబెట్టి, వాళ్లు శుభ్రం చేస్తే వచ్చిన మర్యాదను మిగిలినవాళ్లం అనుభవిస్తున్నాం. మురికి అంటితే సబ్బుతో పోతుంది. హీనత పోదు, ఎందుకంటే అది అంటింది కాదు, అంటగట్టింది.

2021 ఆగస్టులో, ఎల్‌బీ నగర్‌కు దగ్గర్లోని సాహెబ్‌నగర్‌లో, రాత్రిపూట మ్యాన్‌హోల్‌లోకి దిగిన ఇద్దరు కార్మికులు ప్రాణాలతో పైకి రాలేదు. మనుషుల చేత పాకీపని చేయించకూడదని 1993లో ఒక చట్టం వచ్చింది. మురుగు కాలువల్లోకి రక్షణ లేకుండా దింపకూడదని 2013లో మరొకటి వచ్చింది. కోలార్ బంగారు గనుల్లో తెలుగు దళిత కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ జీవితమంతా ఈ పని మీదే పోరాడి 2016లో మెగసెసే పురస్కారం అందుకున్నారు. అన్నీ ఉన్నాయి. ఆ రాత్రి ఆ ఇద్దరూ దిగాల్సి రావడమూ ఉంది.

కట్టు విప్పాక ఫిజియోథెరపిస్టు నా చేతికి మొదట రబ్బరు బంతి, తర్వాత నీళ్ల సీసా ఇచ్చాడు. భయపడితే ఒక మాట చెప్పాడు: బరువు పడితేనే ఎముక గట్టిపడుతుంది. జర్మన్ వైద్యుడు జూలియస్ వుల్ఫ్ 1892లో సూత్రీకరించిన విషయమే అది. వాడినచోట ఎముక దళసరి అవుతుంది, వాడనిచోట పలచబడుతుంది. వినడానికి బాగుంది. కష్టాలు మనిషిని గట్టిపరుస్తాయని ఉపన్యాసం చెప్పడానికీ పనికొస్తుంది. నాకు ఆ ఉపన్యాసం మీద నమ్మకం లేదు. ఎముక మోసేది తన బరువు. పక్కవాళ్ల బరువు తరతరాలుగా మోసిన మనిషి గట్టిపడడు, అరిగిపోతాడు.

ఇరాక్‌లోని కుర్దిస్తాన్ కొండల్లో షానిదార్ అనే గుహ ఉంది. 1957లో రాల్ఫ్ సొలెకీ బృందానికి అక్కడ ఒక నియాండర్తల్ మనిషి అస్థిపంజరం దొరికింది. నలభై వేల ఏళ్లకు పైబడిన ఎముకలు. కుడి చేయి ఎండిపోయి, ముంజేయి లేకుండా ఉంది. ముఖానికి ఎడమవైపు పెద్ద దెబ్బ. ఆ గాయాలన్నీ మానాక కూడా అతను చాలా ఏళ్లు బతికాడు. ముందు పళ్లు బాగా అరిగి ఉన్నాయి. లేని చేయి పని పళ్లతో చేసుకుని ఉంటాడని పరిశోధకుల ఊహ. అతనికి తిండి అందించిన చేతులు ఎవరివో తెలియదు. అతను అందుకున్నది మాత్రం ఎడం చేత్తోనే. అంతటి ఆదిమ మానవులు కూడా దాన్ని కాదన్నట్టు లేరు.

బతుకమ్మ పండక్కి ముందు ఒక చీర కొని, తెల్లవారుజామున చైతన్యపురి వైపు వెళ్లాను. ఆ రోజు నన్ను లేపిన ఆమె రెండు రోజులు కనిపించలేదు. మూడో రోజు మెట్రో స్తంభం దగ్గర కనిపించింది. గుర్తుపట్టి, చేయెట్లుందని అడిగింది. కుడి చేయి ఇంకా బరువు పట్టే స్థితిలో లేదు. చీర సంచీ ఎడం చేత్తో చాపుతూ, నాకు తెలియకుండానే అన్నాను: "ఎడం చేయమ్మా, ఏమీ అనుకోకు." ఆమె రెండు చేతులా అందుకుంది. "ఏ చెయ్యైతేందన్నా! మేం రెండు చేతుల్తోనే గద ఊడ్సేది" అంది.

కొట్టతని మీద కోపగించుకున్నవాణ్ణి, ఇంత ఆలోచించినవాణ్ణి, క్షమాపణ చెప్పింది నేనే. ఆచారం కొట్లో లేదు, నా నాలుక మీదే ఉంది.

ఇప్పుడు నా కుడి చేయి బాగానే పనిచేస్తోంది. అయినా పాల ప్యాకెట్‌కు వెళ్లినప్పుడు ఎడం చేత్తోనే నోటు చాపుతున్నాను. కొట్టతను రోజూ ఒక క్షణం ఆగుతాడు. ఆ తర్వాత తీసుకుంటున్నాడు.