ఉప్పునీటి మీద ఒక కుటుంబము

వేదభాగములు: యిర్మీయా 29:4–7, ఆదికాండము 33:12–14, హెబ్రీయులకు 11:8–16

యెరూషలేమునుండి బబులోనునకు చెరపట్టబడిపోయిన వారికి యిర్మీయా ప్రవక్త ఒక ఉత్తరము వ్రాసెను. రెండేండ్లలో అంతయు చక్కబడునని అబద్ధ ప్రవక్తలు చెప్పుచున్న దినములవి. ఆ ఉత్తరము వారి మాటకు విరుద్ధముగా నుండెను. పరదేశమున ఇల్లు కట్టి కాపురముండుమనియు, తోట వేసి దాని ఫలము ననుభవించుమనియు, బిడ్డలకు పెండ్లిండ్లు చేయుమనియు, తమ్మును చెరగొనిన ఆ పట్టణము కొరకే ప్రార్థన చేయుమనియు దేవుడు సెలవిచ్చెను. ఈ ఆజ్ఞలో దాగియున్న ఒక సంగతి తరచుగా మరువబడుచున్నది. ఇల్లు ఒక దినమున లేవదు. నాటిన మొక్క ఆ యేడే కాపునకు రాదు. పరాయి నేల స్వంత నేల యగుటకు కాలము పట్టును.

కోల్‌కతా నగరపు తూర్పు అంచున సాల్ట్ లేక్ అను ప్రాంతము కలదు. బిధాన్‌నగర్ అనునది దాని మరియొక పేరు. వెడల్పైన వీధులను, వరుస తీరిన ఇండ్లను చూచువారికి అది ఒకప్పుడు నీరని తోచదు. పూర్వమది ఉప్పు చెరువులును బురదనేలలును గల ప్రదేశము. ముఖ్యమంత్రి డాక్టరు బిధాన్ చంద్ర రాయ్ సంకల్పమున 1962లో దానిని పూడ్చుపని ఆరంభమాయెను. యుగోస్లావియా దేశపు సంస్థ యొకటి ఆ పని చేపట్టెను. ఆ దేశస్థుడే యైన దొబ్రివోయె తోష్కోవిచ్ పట్టణపు ప్రణాళికను గీసెను. హుగ్లీ నదిలోని ఇసుకను నీటితో కలిపి, గొట్టముల ద్వారా తెచ్చి ఆ చెరువులలో వదలిరి. నీరు జారిపోయెను, ఇసుక నిలిచెను. పొరమీద పొర పేరుకొని, కొన్ని సంవత్సరములకు అడుగు పెట్టదగిన నేల ఏర్పడెను. అది ఇండ్లతో నిండక మునుపే, 1971లో తూర్పు పాకిస్తానునుండి ప్రాణములు అరచేత బట్టుకొని వచ్చిన కాందిశీకులు లక్షకు పైగా ఆ ఇసుకమీద తల దాచుకొనిరి.

ఆ తూర్పు భాగమంతయు ఇంకను నీరుగా నున్న కాలమున, 1794 ఫిబ్రవరి నెలలో, ఒక ఇంగ్లీషు కుటుంబము పడవలో ఆ ఉప్పు కాలువలను, పెద్ద సరస్సును దాటి సుందరవనముల వైపు సాగిపోయెను. ఆ ఇంటి యజమానుడు విలియం కేరీ. ఆయన భార్య డొరతీ, ఆమె తోబుట్టువు కేథరిన్, నలుగురు మగబిడ్డలు ఆ పడవలో నుండిరి. మున్షీ రామరామ బసు వారికి తోడుగా నుండెను. కేరీ పేరు తెలియని తెలుగు క్రైస్తవులు అరుదు. ఆ పడవలో ఆయన ప్రక్కన కూర్చున్నవారిని తలంచువారు మాత్రము కొద్దిమందియే.

డొరతీ నార్తాంప్టన్‌షైరులోని పల్లెటూరి స్త్రీ. పెండ్లినాడు సంతకము చేయనేరక గుర్తు పెట్టినది. భర్త ఇండియాకు పోవుదునన్నప్పుడు ఆమె మొదట రానని చెప్పెను. అప్పుడామె నిండు గర్భిణి. ప్రయాణము కొన్ని వారములు ఆలస్యము కాగా, ప్రసవించిన పిమ్మట, తోబుట్టువు వెంట వచ్చినయెడల వత్తునని ఒప్పుకొనెను. 1793 జూను 13న చంటిబిడ్డను ఒడిలో పెట్టుకొని ఓడ యెక్కెను. దాదాపు అయిదు నెలల సముద్రప్రయాణము పిమ్మట వారు కలకత్తా చేరిరి. తెచ్చుకొనిన సొమ్ము కొద్ది వారములలోనే కరిగిపోయెను. ఉప్పు చెరువులకు పడమటనున్న మానిక్‌తలాలో ఒక బెంగాలీ వడ్డీవ్యాపారి తన తోటలోని చిన్న ఇంటిని అద్దె లేకుండ ఇచ్చెను. తల్లియు బిడ్డలును రక్తవిరేచనములతో మంచము పట్టిరి. అలవాటైన రొట్టె కూడ దొరకలేదు.

పడవ దేభట్టా చేరినప్పుడు ఉప్పు పనుల అధికారి చార్లెస్ షార్ట్ వారిని చూచెను. అతడు వారి నెరుగడు. కేరీ విశ్వాసములో అతనికి పాలు లేదు. అయినను వారినందరిని తన ఇంట చేర్చుకొనెను. పరదేశులకు దేవుడు తెరచు మొదటి తలుపు కొన్నిసార్లు తన పేరెత్తనివాని ఇంటి తలుపై యుండును. కొంతకాలమునకు కేథరిన్ అతనినే వివాహమాడెను. ఆ పెండ్లి ఒకరికి గృహము నిచ్చెను గాని, మరియొకరికి ఉన్న ఒక్క తోడును దూరము చేసెను.

ఆ యేడే కుటుంబము మాల్డా ప్రాంతములోని ముద్నాబాటికి మారెను. అచ్చట అయిదేండ్ల పీటరు జ్వరముతో మరణించెను. ఆ చిన్న దేహము కొరకు గుంట త్రవ్వువారు దొరకుట దుర్లభమాయెను. తుదకు ముస్లిములు కొందరు ఆ సహాయము చేసిరి. కేరీ దుఃఖమును మ్రింగుకొని బెంగాలీ గ్రంథముల నడుమ కూర్చుండెను. డొరతీకి కూర్చుండుటకు అట్టి చోటు లేకపోయెను. 1795 నుండి ఆమె మనస్సు చెదరెను. అది మరల కుదుటపడలేదు.

ఈ వృత్తాంతమునుండి విశ్వాసి నేర్చుకొనదగిన సంగతులు మూడు కలవు.

మొదటిది, పరదేశమున నేల నెమ్మదిగా ఏర్పడును. కేరీ ఇండియాలో దిగిన ఏడేండ్లకు గాని, 1800 డిసెంబరు 28న, మొదటి బెంగాలీ విశ్వాసియైన కృష్ణ పాల్ సేరంపూరు వద్ద హుగ్లీ నదిలో బాప్తిస్మము పొందలేదు. అదే దినమున అదే నీటిలో కేరీ పెద్ద కుమారుడు ఫెలిక్సు కూడ బాప్తిస్మము పొందెను. ఎనిమిదేండ్ల వయస్సున ఓడ దిగిన ఆ బాలునికి బెంగాలీ స్వంత భాషయే ఆయెను. తరువాత అతడు శరీరశాస్త్రమును బెంగాలీలో గ్రంథముగా వ్రాసెను. పుస్తకమునుండి కష్టపడి నేర్చుకొనిన తండ్రి ఒక పొర, ఆటలలో నేర్చుకొనిన కుమారుడు మరియొక పొర. నది ఇసుక చెరువును నింపినట్లు, దినదినము నేర్చిన మాటయు, పొరుగువానితో పంచుకొనిన అన్నమును, తుదకు ఆ మట్టిలో పాతిపెట్టిన బిడ్డయు పేరుకొని, ఒకనాటికి అడుగు నిలుచు నేల యగును.

రెండవది, ఒకే ఇంటివారందరి నడక ఒక్క తీరున నుండదు. ఏశావు తనతో వడిగా రమ్మన్నప్పుడు యాకోబు ఒప్పుకొనలేదు. తన పిల్లలు పసివారనియు, పాలిచ్చు మందలు తన వెంట నున్నవనియు, ఒక్క దినము తొందరపెట్టినను అవి చచ్చుననియు చెప్పి, వాటి నడకనే తన నడకగా చేసికొనెను. పిలుపు పొందినవాడు పరుగెత్తగలడు, పిలుపు వానికి బలమిచ్చును గనుక. వెంట వచ్చినవారికి ఆ బలము ఎచ్చటనుండి వచ్చును? హుగ్లీలో మొదటి బాప్తిస్మపు దినమున డొరతీ మతి చెదరి ఒక గదిలో నుండెను. 1807 డిసెంబరు 8న ఆమె మరణించెను. పదునాలుగేండ్లు బెంగాలులో నివసించియు ఆమె అచ్చట స్వగృహము నెరుగక పోయెను. కేరీపై తీర్పు తీర్చుట ఎవరి పనియు కాదు. మనోవ్యాధికి నేటివంటి వైద్యము ఆనాడు లేదు. ఆయన ఆమెను విడిచిపెట్టనులేదు. అయినను సువార్త చరిత్రలో ఆమె కన్నీరు కూడ లెక్కకు రావలెను. తన దాసుల పుస్తకములను మాత్రమే దేవుడు లెక్కించి, వారి ఇండ్లలోని నిట్టూర్పులను మరచునా?

మూడవది, ఏ ఊరి క్షేమమును మనుష్యుడు కోరునో ఆ ఊరు వానిదగును. కేరీ మరల ఇంగ్లండు చూడలేదు. 1834 జూను 9న సేరంపూరులోనే మరణించెను. ఆయన బెంగాలీ క్రొత్త నిబంధన 1801లో వెలువడెను. తెలుగు వ్యాకరణము 1814లోను, తెలుగు క్రొత్త నిబంధన 1818లోను సేరంపూరు ముద్రణాలయమునుండి వచ్చెను. రైతుల మేలు కోరి 1820లో వ్యవసాయ, ఉద్యానసంఘమును స్థాపించెను. అయినను స్వదేశప్రేమ ఆయనలో చావలేదు. ఇంగ్లండునుండి విత్తనములు వచ్చిన సంచిని తోటలో ఒక మూల దులుపగా, ఆ మట్టినుండి డెయిజీ అను చిన్న ఇంగ్లీషు పువ్వు మొలిచెను. దానిని చూచి ఆయన చిన్నబిడ్డవలె సంతోషించి, ప్రతియేట దాని విత్తనము నిలుపుకొనుచు వచ్చెను. పుట్టినయూరిని ప్రేమించుట పాపము కాదు. చేరినయూరిని ద్వేషించుటయే యిర్మీయా ఉత్తరమునకు విరోధము.

నేడు తెలుగు కుటుంబములు ఖర్గపూరు రైల్వే కాలనీలలోను, కోల్‌కతాలోను, గల్ఫు దేశములలోను, అమెరికాలోను కాపురమున్నవి. ఉద్యోగము వచ్చినవానికి ఆఫీసు ఉన్నది, బిడ్డలకు బడి ఉన్నది. ఏలూరునుండియో, కరీంనగరునుండియో కుమారుని వెంట వచ్చి, మేడమీది కిటికీ ప్రక్కన కూర్చున్న తల్లికి ఏమి యున్నది? బస్సుమీది అక్షరములు ఆమెకు రావు. ఆరాధనలో పాట తెలియదు. పొరుగింటి స్త్రీ నవ్వినప్పుడు తిరిగి నవ్వుట తప్ప మాట లేదు. సంఘములో ఎవరైనను ఆమె పేరు అడిగిరా? వారమున కొకమారైనను ఎవరైనను ఆమె ప్రక్కన కూర్చుండి తెలుగులో ఒక అధ్యాయము చదివిరా? ఇంటి యజమానుడు సాయంకాలము ఇల్లు చేరి, తన దినమును గూర్చి చెప్పుటకు మునుపు ఆమె దినమును గూర్చి అడిగెనా? దూరదేశపు సేవకు కానుక పంపుట సులభము. వడిగా నడువగలిగియు, తన ఇంటిలోని మెల్లని అడుగుకొరకు ఆగుట కష్టము. యాకోబు ఆగెను. ఆగినందున గమ్యము తప్పలేదు.

అబ్రాహాము వాగ్దానదేశములో సయితము గుడారములలోనే నివసించెను. దేవుడు కట్టిన పట్టణమే అతని నిరీక్షణ. ఆ పట్టణమున భాష రాని తల్లి యుండదు, పరాయిదిగా కూర్చుండు స్త్రీ యుండదు. ఇచ్చట ఇల్లు దొరకని డొరతీలకు అచ్చట స్థలము సిద్ధపరచబడియున్నది. ఆ నిరీక్షణగల ఇల్లు ఇక్కడనే ఆ పట్టణపు రుచిని కొంత చూపవలెను.

ప్రార్థన: పరదేశులను కాపాడు ప్రభువా, దూరపు ఊళ్ళలో కాపురమున్న ప్రతి ఇంటిని జ్ఞాపకము చేసికొనుము. వడిగా నడుచువారికి ఓర్పును, వెనుకబడినవారికి తోడును అనుగ్రహించుము. చేరిన ఊరి క్షేమము కోరు హృదయమును దయచేయుము. తల వాల్చుకొను స్థలము లేక సంచరించిన యేసు నామమున, ఆమేన్.