పాలలో నీళ్లు

పాలు కొనునప్పుడు మనము ఏమేమి విచారింతుమో ఒకమారు జ్ఞప్తికి దెచ్చుకొందము. చిక్కగా నున్నవా, మీగడ కట్టునా, పెరుగు గట్టిగా తోడుకొనునా, కాఫీకి రుచి వచ్చునా, లీటరు వెల యెంత, పొరుగింటికి ఎంతకు పోయుచున్నారు. ఇవన్నియు న్యాయమైన ప్రశ్నలే. చెల్లించిన పైకమునకు తగిన సరకు కోరుటలో తప్పేమున్నది? అయినను వీనియన్నిటి వెనుక ఒక తీర్పు ముందే సిద్ధమై కూర్చున్నది. అదియేమన, పాలుపోయు మనిషి మోసగాడు. కాదని రుజువు చేసికొనుట అతని పని. బట్ట కొనునప్పుడు గాని బియ్యము కొనునప్పుడు గాని మనమింత అనుమానముతో బేరమునకు దిగము. పాలవిషయమున మాత్రము అనుమానమే తెలివియని చిన్ననాటనుండి నేర్చితిమి. ఈ తెలివి నన్నొకమారు ఎట్టి పనికి పురికొల్పినదో ముందుగా చెప్పవలసియున్నది.

ఇరువది యేండ్ల క్రిందట, ఉద్యోగము వచ్చిన క్రొత్తలో, తెనాలికి దాపుననున్న ఒక గ్రామమున కాపురముంటిమి. రెండు వీధుల కవతల గేదెలున్న ఇల్లాలొకతె మాకు వాడుక పాలు పోసెడిది. పితికిన వెంటనే, నురుగైన అణగకముందే, గిన్నెతో తెచ్చెడిది. నేనొకనాడు పట్టణమునకు పోయి లాక్టోమీటరు కొనితెచ్చితిని. మరునాటి యుదయమున ఆమె యెదుటనే పాలను పొడుగాటి గ్లాసులో పోసి దానిని విడిచితిని. గాజుపుల్ల నిలువవలసిన చోట నిలువక మరి రెండు గీతలు మునిగినది. "నీళ్లు కలిసినవమ్మా" అంటిని. నా గొంతులో కొంత విజయగర్వము కూడ నుండియుండును.

"ఇప్పుడే పిండుకొచ్చిన పాలు మేష్టారూ. నీళ్లు కలిపితే నీళ్లపాలని చెప్పే అమ్ముకుంటాను. పుల్ల మునిగితే నేను దొంగనైపోయానా?" అని ఆమె గిన్నె తీసికొని వెడలిపోయినది. మరునాడు రాలేదు.

నేనీ సంగతి కొంత గొప్పగానే మా పాఠశాలలోని భౌతికశాస్త్రపు ఉపాధ్యాయునితో చెప్పితిని. ఆయన అడిగినది ఒక్కటే మాట: "పాలు చల్లారినవాండీ?" లాక్టోమీటరు గీతలు ఒక నియతమైన ఉష్ణోగ్రతకు గీయబడును. అప్పుడే పితికిన పాలు పశువు శరీరమంత వెచ్చగా, ఇంచుమించు 38 డిగ్రీల వేడితో నుండును. వెచ్చని పాలు చల్లని పాలకంటె తేలిక. కావున పుల్ల లోతుగా మునుగును. రెండు మూడు గీతల భేదము దానివలననే వచ్చును. అనగా ఏ పాలు మిక్కిలి తాజావో ఆ పాలనే నేను నీళ్లపాలంటిని. సంస్కృతము చదివితిని, ఇంగ్లీషు చదివితిని. రెండు రూపాయల న్యాయము మాత్రము తూచలేకపోతిని. సాయంకాలము ఆమె యింటికి పోయి, తప్పు నాదేనమ్మా అని చెప్పితిని. "పోనీండి మేష్టారూ, ఆ పాలు ఇంకో ఇంటికి వాడుక కుదిరినాయి" అని ఆమె గేదెకు కుడితి పెట్టుటలో నిమగ్నురాలైనది.

ఈ పరికరమునకు మరియొక గుణము కూడ కలదు. పాలనుండి మీగడ తీసినచో పాలు బరువెక్కును. నీళ్లు పోసినచో తేలికయగును. రెండును తగుపాళ్లలో చేసినవాని పాలలో పుల్ల సరిగా నిలుచును. కావున నా వాకిట నిజాయితీపరురాలు ఓడిపోవుటకును, నేర్పరియైన దొంగ గెలుచుటకును సమానమైన అవకాశము ఉండెను. నీరక్షీరవివేకము హంసకు కలదని మన కవులు పొగడిరి. నాబోటి వారికి అది లేదని చెప్పుటకు ఇంతకంటె దృష్టాంతమేల?

ఇక కల్తీ యనగా నేమి? భారతమున ఆదిపర్వమునందు ద్రోణుని కుమారుని కథ అందఱెరిగినదే. ధనికుల బిడ్డలు పాలు త్రాగుట చూచి అశ్వత్థామ ఏడ్చెను. తోటిబాలురు పిండి కలిపిన నీరిచ్చి పాలని నమ్మించిరి. పసివాడు పాలు త్రాగితినని గంతులు వేసెను, చుట్టునున్నవారు నవ్విరి. ఆ పిండినీటిలో విషము లేదు. మనసు రగుల్చునది వారు చెప్పిన మాటయు, వారు నవ్విన నవ్వును.

ఈ భేదము గ్రహింపనిచో నేటి మన ప్రవర్తన అర్థము కాదు. టోన్డ్ పాలన నేమి? గేదెపాలకు వెన్న తీసిన పాలపొడిని, నీటిని చేర్చి వెన్నపాలు తగ్గించిన పాలు. 1946 ప్రాంతమున బొంబాయిలో దారా ఖురోడీ గారి పూనికతో ఈ పద్ధతి ఆరంభమైనది. ఉన్న కొలది పాలను ఎక్కువమంది బిడ్డలకు తక్కువ వెలకు అందించుట దాని యుద్దేశము. మంచి యుద్దేశమే. నేటి చట్టము ప్రకారము టోన్డ్ పాలలో వెన్న 3 శాతము, డబుల్ టోన్డ్ పాలలో 1.5 శాతము ఉండిన చాలును; ఫుల్ క్రీమ్ అను వానిలో 6 శాతము ఉండవలెను. పాలమనిషి చెంబెడు నీళ్లు పోసెనని వాకిట కేకలు వేసిన గృహస్థుడే అంగడిలో టోన్డ్ పాలప్యాకెట్టు మారుమాటలేక కొనితెచ్చుచున్నాడు. ఇందు విరోధము లేదనియే నా యభిప్రాయము; సంచిపై నున్నది చెప్పి అమ్మిరి గదా. నీళ్లు పాపము కాదు, చెప్పకపోవుట పాపము. మా ఊరి ఇల్లాలు నాతో చెప్పిన ధర్మము సరిగా ఇదియే.

అయితే చెప్పినవారున్నారు సరే, చదువువారేరి? ప్యాకెట్టు రంగు చెప్పి అడుగుటయే గాని సంచిపై నేమి వ్రాసిరో చూచువారు నూటికెందరు? ఆ వ్రాతకూడ ఒక్కచోట నిలుచునది కాదు. 2024 ఆగస్టు 21న ఆహారభద్రతా సంస్థ పాలసంచులపై 'ఏ2' అను మాట తీసివేయవలెనని ఆజ్ఞాపించి, 26వ తేదీన ఆ యాజ్ఞను ఉపసంహరించుకొన్నది. ఐదు దినములలో కొనువాని జ్ఞానము పెరిగినదో తరిగినదో చెప్పుట కష్టము.

మన భయములును అట్టివే. యూరియా, సబ్బుపొడి యని పత్రికలలో చదివి బెదరుచుందుము. అదే సంస్థ 2018లో దేశమంతట 6,432 నమూనాలు తీసి పరీక్షింపగా, అట్టి ప్రమాదకరమైన కల్తీ దొరికినవి 12 మాత్రమే. దాణాకు పట్టిన బూజునుండి పాలలోనికి దిగు అఫ్లటాక్సిన్ అను విషము మితిమీరి యున్నవి మాత్రము 368. దీనిని ఎవడును కలుపలేదు, కాచినను పోదు. తడిసి బూజుపట్టిన చెక్కను, మొక్కజొన్నను పశువునకు పెట్టుటవలన వచ్చినది. మంచి దాణాకు వెల ఎక్కువ. వెల తగ్గింపుమని వాకిట బేరమాడిన మనకు ఆ బూజులో భాగము లేదందుమా?

దూడ సంగతి అంతకంటె కష్టమైనది. దూడ మూతి తగిలినగాని గేదె చేపదు. చేపిన వెంటనే దూడను లాగి కట్టివేయుదురు. పెయ్యయైనచో రేపటి పాడి గనుక కొంత విడుతురు. దున్నదూడకు ఆ పాటి భాగ్యము లేదు, ట్రాక్టరు వచ్చిన పిమ్మట దానితో పనిలేదు. అది చచ్చిన తరువాత తోలులో గడ్డి కూరి తల్లి యెదుట నిలిపి పాలు పిండుట నేను కన్నులార చూచితిని. దూడ చచ్చిన ఆవు పాలు త్రాగరాదని మనుస్మృతి ఐదవ అధ్యాయమున నిషేధము కలదు. మనువు చెప్పిన పెక్కింటిని త్రోసిపుచ్చినవారిలో నేనొకడను. ఈ యొక్కదాని యెడ మాత్రము తొందరపడలేకున్నాను. మా నాయనమ్మ పాలవాడుక కుదుర్చుకొనునప్పుడు మొదట "దూడ బతికుందా?" అని అడిగెడిది. అది మడికొరకు అడిగినదే కావచ్చును. ఐనను ఆ ప్రశ్నకు భయపడి దూడకు ఒక చన్ను విడిచినవారు ఉండిరి. వేల పశువుల పాలు ఒక తొట్టిలో కలిసి ప్యాకెట్టై వచ్చిన పాలను ఎవరు చేతికిత్తురో వారిని ఈ ప్రశ్న అడిగిన నవ్వుదురు. అంగడివానికి తెలియదు; నిజమునకు ఎవనికిని తెలియదు.

ఆ లాక్టోమీటరు ఇప్పటికిని నా యొద్దనే యున్నది. ఏటేట తొమ్మిదవ తరగతి పిల్లల యెదుట ఒకే గేదె పాలు రెండు గ్లాసులలో, ఒకదానిలో వెచ్చనివి, రెండవదానిలో చల్లార్చినవి పోసి దానిని విడుచుచుందును. సంగతి ముందుగా చెప్పను. వెచ్చని పాలలో పుల్ల మునిగినంతనే తరగతి యంతయు ఒక్కమారుగా అరచును: "నీళ్లు కలిపారండీ!"